పసుపు కుంకుమ బండి

మేడ్చల్ బస్టాండు ఎదురుగా నా జిరాక్సు దుకాణం ఉండేది. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. దుకాణం ముందు రేకుల వసారా, వసారాలో ఎడమ పక్క ఒక బల్ల, బల్ల వెనక భిక్షం. తొంభై మూడులో ఒక పొద్దున వచ్చి, ఇక్కడ ఒక బల్ల వేసుకుంటాను, నీ దుకాణానికి గిరాకీ నేను తెస్తాను అన్నాడు. అద్దె నేను అడగలేదు, అతను ఇవ్వలేదు. గిరాకీ మాత్రం తెచ్చాడు. అతని దగ్గరికి వచ్చే ప్రతి బండివాడికీ ఏదో ఒక కాగితం జిరాక్సు కావాలి కదా.

భిక్షం పని మోటారు సైకిళ్ళకు ఇన్సూరెన్సు రాయడం. ఊరు లాల్‌గడి మలక్‌పేట్. పదో తరగతి రెండుసార్లు తప్పాడు, ఏజెంటు పరీక్ష మాత్రం ఒక్కసారికే గట్టెక్కాడు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. జేబులో పెన్ను ఎప్పుడూ కారుతూ ఉండేది, అందుకని అతని ప్రతి చొక్కాకూ గుండె దగ్గర ఒక నీలి మచ్చ. ఊళ్ళో వాళ్ళందరి బండ్లకు కాగితాలు రాసే ఆ మనిషికి సొంతంగా సైకిలు కూడా లేదు. బండి ఎక్కాలంటే భయం. బస్సు దొరికితే బస్సు, లేకపోతే షేరు ఆటోలో వెనక్కి తిరిగి కూర్చుని వచ్చేవాడు.

ఆ రోజుల్లో మా వైపు ఇన్సూరెన్సును ఇన్సూరెన్సు అనేవాళ్ళు తక్కువ. పోలీసు కాయిదం అనేవాళ్ళు. కానిస్టేబులు చెయ్యి అడ్డం పెడితే తీసి చూపించే కాగితం, అంతకు మించి దానితో పని ఉందని ఎవరూ అనుకోలేదు. భిక్షం కూడా ఆ భాషలోనే మాట్లాడేవాడు. మనిషి వచ్చి కూర్చోగానే, "ఫుల్లా, పోలీసా?" అని అడిగేవాడు. పాలవాళ్ళు, షామీర్‌పేట చెరువు నుంచి చేపలు తెచ్చేవాళ్ళు, దుండిగల్ కాలేజీల్లో అటెండర్లు, తాపీ మేస్త్రీలు, అందరూ ఆలోచించకుండా పోలీసే అనేవారు. ఫుల్లు ఖరీదు. అయిదు నిమిషాల్లో పని అయిపోయేది. నేను అట్నుంచి జిరాక్సు తీసి ఇచ్చేదాన్ని. ఆ ప్రశ్న నేను ఎన్ని వందలసార్లు విన్నానో చెప్పలేను, ఒక్కసారి కూడా అది తప్పు ప్రశ్న అనిపించలేదు.

తొంభై ఎనిమిది వానాకాలంలో లింగం వచ్చాడు. అతనిది భిక్షం ఊరే, పాత రాజ్‌దూత్ మీద కూరగాయలు వేసుకుని వచ్చేవాడు. కుక్క అడ్డం వచ్చి పడ్డాడు. మోకాలు పగిలి, అతుకు సరిగా పడక, ఒక కాలు పొట్టిదైపోయింది. రెండు నెలల తర్వాత కర్ర పట్టుకుని, కాగితం జేబులో పెట్టుకుని, నా వసారాలోకి వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. నీ దగ్గర రాయించిన ఇన్సూరెన్సు ఉంది కదా, ఏమైనా వస్తుందా అని అడిగాడు. అడగడంలో ఆశ కూడా పెద్దగా లేదు, ఎవరో అడిగి చూడమంటే వచ్చినట్టున్నాడు.

భిక్షం నెమ్మదిగా చెప్పాడు. "అది థర్డు పార్టీ అన్నా. థర్డు పార్టీ అంటే మూడో మనిషి. కంపెనీ ఒకటి, నువ్వు రెండు. నీ బండి ఎవ్వలికన్న తాకితే ఆయన మూడు. ఏమొచ్చినా ఆయనకే వస్తది."

"నేను పడితే?"

"నీకు రాదు."

లింగం కాసేపు తన మోకాలు రుద్దుకున్నాడు. "అంటే ఇన్నేండ్ల సంది ఎవ్వనికోసమో కట్టిన్నన్నట్టు. మంచిదే తియ్, పుణ్యమొస్తది," అన్నాడు. తర్వాత, భిక్షం మొహం చూసి కాబోలు, "నీ తప్పు గాదు తమ్మీ. నువ్వు అడిగినవ్, నేనే పోలీసన్న," అన్నాడు. బల్ల అంచు పట్టుకుని లేచి వెళ్ళిపోయాడు.

భిక్షం ఆ రోజు సద్ది విప్పలేదు. మర్నాడు బల్ల వేయలేదు. పట్నంలో కంపెనీ ఆఫీసుకు వెళ్ళి, ఎవరెవరినో పట్టుకుని, పడ్డవాడికి ఏ కాగితం పనికొస్తుందో అడిగి ఒక నోటుబుక్కు నిండా రాసుకొచ్చాడు. అయిదేళ్ళుగా అమ్ముతున్న సరుకు గురించి అప్పుడు తెలుసుకున్నాడన్నమాట. ఫుల్లు పాలసీ అంటే ముందు బండికి. బండి విరిగితే బాగు చేయిస్తారు. నడిపేవాడికి ఏమైనా రావాలంటే ఇంకో గడి ఉంటుంది, దానికి విడిగా కొంచెం కట్టాలి. వెనక కూర్చున్నవాడికి ఇంకోటి. ఇవేవీ కాకుండా, బండితో సంబంధం లేకుండా మనిషికే చేసే ప్రమాదం పాలసీ ఒకటి, చెట్టు మీద నుంచి పడినా అది పనికొస్తుంది. అయితే వీటిలో ఏదీ కట్లకూ మందులకూ ఇచ్చేది కాదు. కాలో, చెయ్యో, కన్నో పోవాలి, లేదా ప్రాణం పోవాలి. ఈ చివరి ముక్క చెప్పేటప్పుడు భిక్షం గొంతు తగ్గించేవాడు.

అప్పటి నుంచి అతని బేరం చెడింది. మనిషి వచ్చి కూర్చోగానే నోటుబుక్కు తెరిచేవాడు. దేవుడు చల్లగా చూడాలి, కానీ రేపు నీ కాలు పోయిందనుకో అని మొదలుపెట్టేవాడు. పొద్దున్నే కొత్త బండికి నిమ్మకాయ కట్టుకుని వచ్చినవాడికి ఆ మాట ఎలా ఉంటుంది? ఒకతను నా గడప మీద ఉమ్మేసి పోయాడు. రోడ్డుకు అవతల ఇంకొకతను బల్ల వేశాడు. అతను ఏమీ చెప్పడు, ఏమీ అడగడు, స్టాంపు వేసి ఇస్తాడు. జనం అక్కడికి పోయారు. భిక్షానికి అపశకునం భిక్షం అని పేరు పెట్టారు. నాకు మాత్రం మండేది. అతని గిరాకీ పోతే నా గిరాకీ కూడా పోయినట్టే కదా. మొదట సంతకం పెట్టించుకో, తర్వాత నీ పురాణం విప్పు అని కేకలేశాను. అతనికి చెప్పడమూ చెవిటివాడి ముందు శంఖం ఊదడమూ ఒకటే.

ఒకసారి మాత్రం తిరిగి జవాబు చెప్పాడు. "లింగమన్న నన్ను తిట్టి ఉంటే నేను మర్చిపోతుంటి అక్కా. తిట్టలే. ఇగ నేను రాసిన కాయిదం ఒక్కనికన్న పనికి రావాలె. పడ్డోనికి పనికి రావాలె. ఒక్కనికి చాలు."

అంటే ఎవరో ఒకరు పడాలని కోరుకుంటున్నావన్నమాట అని ఎగతాళి చేశాను. నవ్వలేదు. నిజమే కదా అన్నట్టు నా వైపు చూశాడు, ఆ చూపుకు నేనే మాట మార్చాను.

నాలుగేళ్ళు అలాగే గడిచాయి. కొందరు విని నడిపేవాడి గడి కూడా రాయించుకున్నారు. వాళ్ళెవరూ పడలేదు. పడ్డవాళ్ళందరూ పోలీసు కాయిదంవాళ్ళే. అదేం చిత్రమో గానీ, అలాగే జరిగింది. తర్వాత రూలు మారి, బండి యజమానే నడిపితే అతనికి వర్తించే ప్రమాద బీమా ప్రతి పాలసీలోనూ తప్పనిసరి చేశారు. యాభై రూపాయలు. ఆ రోజు భిక్షం నాకు టీ తెప్పించాడు. ఇక ఎవరినీ బతిమాలనక్కర్లేదు, ప్రతివాడికీ ఉన్నట్టే అన్నాడు. అంత సంతోషంగా అతన్ని నేను చూడలేదు. ఆ గడిని అందరికీ ఒకే చేత్తో నింపుకుంటూ పోయాడు.

రెండువేల నాలుగులో వాళ్ళ ఊళ్ళో భూముల ధరలకు రెక్కలొచ్చాయి. భిక్షం వాళ్ళకు ఉన్న రెండెకరాల చెలకను ప్లాట్లు చేసి అమ్మే వెంచరువాళ్ళు కొన్నారు. అతనికి ఒక్కతే చెల్లెలు, పేరు వినోద. అలియాబాద్‌లో ఇచ్చారు. అల్లుడు బాలేష్‌కు మూడు బర్రెలు ఉన్నాయి. పాలు పిండి, సైకిలు మీద షామీర్‌పేట హోటళ్ళకు వేసేవాడు. చెల్లెలి సంతకం లేనిదే రిజిస్ట్రేషను కాదన్నారు. మా దగ్గర ఆడబిడ్డ చేత అలా సంతకం పెట్టించుకుంటే పసుపు కుంకుమ కింద ఏదో ఒకటి పెట్టాలి. ఏం కావాలని అడిగితే వినోద, ఆయన సైకిలు తొక్కలేకపోతున్నాడు, ఒక మోటారు సైకిలు ఇప్పించన్నా అంది. బాలేష్‌కు నడపడం వచ్చు, లైసెన్సు కూడా ముందే ఉంది.

బండి అల్లుడి పేరు మీద తీసుకుందామని భిక్షం అన్నాడట. వాళ్ళ తల్లి బుచ్చవ్వ ఒప్పుకోలేదు. పసుపు కుంకుమ ఆడబిడ్డది, అల్లుడి పేరు మీద ఎట్లిస్తార్రా అంది. మాట సబబుగానే ఉంది. అందరూ సరేనన్నారు. బండి వినోద పేరు మీద వచ్చింది.

దసరాకు రెండు రోజుల ముందు లాల్‌గడి మలక్‌పేట్‌లో వాళ్ళింటి ముందు పూజ. నన్ను కూడా పిలిచారు. హ్యాండిలుకు బంతిపూలు, ముందు చక్రానికి పసుపు, కుంకుమ బొట్టు. బుచ్చవ్వ కూతురికి ఒడిలో బియ్యం పోసింది. భిక్షం మంచి గడియ దాటిపోకుండా అక్కడే అరుగు మీద కూర్చుని ఇన్సూరెన్సు ఫారం నింపాడు. సొంత చెల్లెలి బండి కదా, ఫుల్లు రాశాడు. యజమాని గడిలో వినోద పేరు రాసి, యాభై రూపాయల గడిలో టిక్కు పెట్టాడు. తర్వాత ఒక గడి దగ్గర పెన్ను ఆపాడు. యజమాని కాకుండా ఇంకెవరికైనా ప్రమాద బీమా కావాలంటే వాళ్ళ పేరు రాసే గడి అది.

"గీడ బావ పేరు రాస్త. నడిపేది ఆయననే గదా. రేపు కాలో చెయ్యో..."

బుచ్చవ్వ పసుపు చేతులతోనే లేచింది. "పండుగ పూట, బొట్టు పెట్టిన బండి ముందల, అల్లుని పేరు గా గడిల రాస్తవురా? నీ బజారు మాటలు బజార్లనే పెట్టుకో."

బాలేష్ నవ్వాడు. పోనీ తియ్ బావా, తర్వాత చూసుకుందాం అన్నాడు. భిక్షం నా వైపు చూశాడు. నేను ఒక్క మాట అనాల్సింది. రాయనివ్వమ్మా, తప్పు లేదు అని ఉంటే బుచ్చవ్వ నా మాట కొట్టేసేది కాదేమో. కానీ నాకు కూడా ఆ క్షణంలో, ఆ పూల ముందు, కాళ్ళూ చేతులూ పోవడం గురించి ఇవేం మాటలు అనిపించింది. ఊరుకున్నాను. ఊరందరి ముందూ ఆరేళ్ళు నోరు మూయని భిక్షం తల్లి ముందు నోరు మూసుకున్నాడు. పండగ వెళ్ళాక ఆఫీసులో రాస్తానులే అని నాతో గొణిగాడు. పండగ వెళ్ళాక నా వసారాలోనే ఆ ఫారం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. తల్లి మాట గుర్తొచ్చిందో, శకునం పట్టిందో, ఆ గడిలో అడ్డంగా ఒక గీత గీసి పంపించేశాడు. నేను చూశాను.

కార్తీకం వెళ్ళిన వారానికి, పొద్దున తొమ్మిది కావస్తుండగా, నా దుకాణంలో ఫోను మోగింది. అలియాబాద్ నుంచి వినోద. అన్నను పిలవమంది. భిక్షం ఫోను అందుకుని విన్నాడు. పెట్టేశాక, బావ పడ్డాడంట అన్నాడు.

ఆ రోజుల్లో రోడ్డుకు సగం మేర మక్కజొన్న ఆరబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్ళు పేర్చేవాళ్ళు. మక్కలు ఎత్తుకున్నాక రాళ్ళు ఎత్తరు. పొగమంచులో బాలేష్ బండి ముందు చక్రం అలాంటి రాయి ఎక్కింది. బండి జారి కల్వర్టు గోడకు కొట్టుకుంది, కాలు మధ్యలో నలిగింది. ఎవరూ గుద్దలేదు, ఇతను ఎవరినీ గుద్దలేదు. రాళ్ళు ఎవరివో ఊరందరికీ తెలుసు. ఎవరూ చెప్పలేదు. మూడో మనిషి అనేవాడు ఎక్కడా లేడు.

పట్నం ఆసుపత్రిలో పదిరోజులు చూశారు. పదకొండో రోజు మోకాలి కింద నుంచి తీసేశారు. వినోద వరండాలో కూలబడితే భిక్షం పక్కన కూర్చుని, బర్రెలు అమ్మనక్కర్లేదు, మన దగ్గర ఫుల్లు ఉంది, కాలికి బీమా మొత్తంలో సగం వస్తుంది, నేను రాసిన కాగితమే, నేను తెస్తాను అని చెప్పాడు. ఆ మాట పట్టుకుని వినోద లేచి అన్నం తింది. నేను అక్కడే ఉన్నాను. యాభై రూపాయల గడి ఉందన్న ధీమాలో, బండి ఎవరి పేరు మీద ఉందో, ఏ గడిలో గీత పడిందో ఇద్దరికీ గుర్తు రాలేదు. బాధలో కూడా భిక్షం మొహంలో ఒక చిన్న వెలుగు కనిపించింది. ఆరేళ్ళుగా ఎదురుచూసిన ఆ ఒక్కడు సొంత బావ అయ్యాడు, అయినా కాగితం పనికొస్తోంది. నేను అతన్ని తప్పు పట్టను.

మర్నాడు పాలసీ కాగితం తెచ్చి మూడు కాపీలు తియ్యమన్నాడు. తీశాను. వేడి కాగితం చేతికిస్తే నిలబడే చదువుకున్నాడు. యజమాని గడి మీద వేలు పెట్టాడు. ఇంకో గడి మీద వేలు పెట్టాడు. ఆ వేలు అక్కడే ఆగిపోయింది. ఏమైందని అడిగాను. నేను అద్దాలు పెట్టుకుని చూశాను. యజమాని నడుపుతుండగా ప్రమాదం జరిగితే యజమానికి అని ఉంది. యజమాని వినోద. నడిపింది బాలేష్. కింద గడిలో అడ్డగీత.

ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టయింది. అయినా కంపెనీకి వెళ్ళాడు. అక్కడి ఆఫీసరు మర్యాదస్తుడే, కుర్చీ వేయించాడట. నువ్వు ఏజెంటువు, నీకు నేను చెప్పాలా భిక్షం, ఆ గడికి యజమానీ డ్రైవరూ ఒకే మనిషి అయి ఉండాలి కదా అన్నాడట. వాళ్ళు మొగుడూ పెళ్ళాలు సార్ అన్నాడట భిక్షం. పదకొండేళ్ళ ఏజెంటు ఆ మాట అన్నాడంటే ఎంత కుంగిపోయాడో చూడండి. మూడుసార్లు తిరిగాడు. మూడోసారి ఆఫీసరు తలెత్తలేదట.

బండికి మాత్రం అంతా సవ్యంగా జరిగింది. కంపెనీ మనిషి వచ్చి ఫొటోలు తీసుకున్నాడు. నడిపినవాడి లైసెన్సు చూశాడు, సరిగ్గా ఉందన్నాడు. వంగిన ఫోర్కు, పగిలిన లైటు, విరిగిన ఫుట్‌రెస్టు, అన్నీ పేరు పేరునా రాసుకున్నాడు. నెలలోపే బండి షెడ్డు నుంచి కొత్తదానిలా వచ్చింది. దాన్ని అప్పగించడానికి ఒక్కన్నే పోలేనక్కా, నువ్వు కూడా రా అని భిక్షం అడిగాడు. షెడ్డు మేస్త్రీ బండి నడుపుతూ ముందు పోతుంటే, మేమిద్దరం వెనక ఆటోలో కూర్చుని దాన్నే చూస్తూ అలియాబాద్ పోయాం. ఎండకు అది తళతళ మెరుస్తోంది. నాకు దాన్ని తన్నాలనిపించింది.

బాలేష్ వాకిట్లో మంచం మీద ఉన్నాడు. దుప్పటి కప్పుకున్నాడు. వినోద బండి చుట్టూ ఒకసారి తిరిగింది. కొత్త ఫుట్‌రెస్టును చేత్తో ముట్టుకుంది.

"దీనికొచ్చినయా పైసలు?"

వచ్చాయన్నట్టు భిక్షం తలూపాడు.

"ఆయనకు?"

"రావు చెల్లె. కాయిదం నీ పేరు మీదున్నది."

వినోదకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. "అంటే ఆయన గాక నేను పడితే వస్తుండెనా?"

అవునని చెప్పినా పోయేది. అబద్ధమైనా దానిలో ఒక సాకు ఉండేది. భిక్షం ఇన్సూరెన్సు మనిషి, ఆ ఒక్క విషయంలో అబద్ధం చెప్పడం అతనికి చేతకాలేదు.

"నీకు లైసెన్సు లేదు. నీకు గూడ రాకపోతుండె."

"మరి ఎవ్వలకోసం రాసినవన్నా?"

"ఎవ్వలకోసం గాదు."

వినోద ఏడవలేదు, తిట్టలేదు. లోపలికి వెళ్ళి పొయ్యి మీద కూర కలిపింది. బాలేష్ మంచం మీద నుంచే, బావా, అన్నం తిని పోండి అన్నాడు. ఈ ఊళ్ళ మనుషులు తిట్టడం మానేసి అన్నం పెడతారు, దానికంటే చెప్పు తీసి కొట్టినా నయం. భిక్షం కూర్చుని తిన్నాడు. పెట్టినంతా తిన్నాడు. తిరుగు ఆటోలో ఊరి పొలిమేర దాటగానే దిగి రోడ్డు పక్కన కక్కుకున్నాడు.

మాఘం రాకముందే రెండు బర్రెలు అమ్మేశారు. బండి కూడా అమ్మమని అందరూ చెప్పారు. పసుపు కుంకుమ అమ్మకూడదని బుచ్చవ్వ అనలేదు ఈసారి. అప్పటికి ఆమె మాట్లాడడమే తగ్గించింది. అమ్మనన్నది వినోదే. అమ్మితే పాలు ఎలా పోతాయి, సైకిలు ఎవరు తొక్కుతారు అంది. మిగిలిన ఒక్క బర్రె పాలకు తోడు పక్క ఇళ్ళ పాలు కూడా కూడగట్టి వేస్తే తప్ప ఇల్లు గడవదు.

వినోద తనే బండి నడపడం నేర్చుకుంది. ముప్ఫై రెండేళ్ళ మనిషి, కొంగు బిగించి, గేర్ల బండి. నేర్చుకున్నది ఎక్కడంటే, లాల్‌గడి మలక్‌పేట్‌లో వాళ్ళ చెలకలో వెంచరువాళ్ళు వేసిన ఎర్రమట్టి రోడ్ల మీద. అక్కడ ఇండ్లు లేవు, మనుషులు లేరు, తెల్ల సున్నం కొట్టిన హద్దురాళ్ళు తప్ప ఏమీ లేవు. బాలేష్ ఒక హద్దురాయి మీద కూర్చుని క్లచ్చు వదులు, బ్రేకు తొక్కు అని అరుస్తూ నేర్పాడు. మొదట రెండు రోజులు ఊరంతా చూడటానికి పోయింది. తర్వాత ఎవరి పనుల్లో వాళ్ళు పడ్డారు. ఎండాకాలం వెళ్ళేసరికి ఆమెకు లైసెన్సు వచ్చింది. పాల క్యాన్లు అటూ ఇటూ కట్టుకుని షామీర్‌పేట పోతుంటే లారీవాళ్ళు హారన్లు కొట్టేవాళ్ళు. అలిసిపోయి ఉండేది ఎప్పుడు చూసినా. మోచేతులు కమిలిపోయి ఉండేవి. ఇంత కష్టపడుతున్న ఆడదాన్ని ధీరురాలని మెచ్చుకోవడం నాకు చేతకాదు. ఆమెకు వేరే దారి లేదు, అంతే.

భిక్షం ఆ ఏడాదంతా ఆ ఇంటి గడప తొక్కలేదు. బల్ల దగ్గర కూర్చునేవాడు గానీ నోటుబుక్కు తెరిచేవాడు కాదు. వచ్చినవాడు ఏది అడిగితే అది రాసిచ్చేవాడు. గిరాకీ మళ్ళీ పెరిగింది, చూడండి మరి లోకం తీరు.

దసరాకు ముందు వినోద వచ్చింది, పాలసీ గడువు అయిపోతోందని. బండి నా వసారా ముందు ఆగింది. వెనక బాలేష్, ఊతకర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. భిక్షం గబుక్కున లేచి నిలబడ్డాడు. ఫారం తీశాడు. వినోద బల్ల ముందు కూర్చుంది. కొంగు ముడి విప్పి లైసెన్సు తీసి ముందు పెట్టింది. నేను జిరాక్సు తీసి ఇచ్చాను.

యజమాని గడిలో వినోద అని రాశాడు. నడిపేవారి గడిలో వినోద అని రాశాడు. లైసెన్సు నంబరు చూసి చూసి రాశాడు. నిరుడు గీత గీసిన గడి దగ్గరికి వచ్చి, అడగకుండానే బాలేష్ పేరు రాశాడు. చివర్లో ఇంకో గడి ఉంది. యజమానికి ఏమైనా అయితే డబ్బు ఎవరికి ఇవ్వాలి అన్నది. అక్కడ పెన్ను ఆగిపోయింది. ఊళ్ళో వేలమందిని అడిగిన ప్రశ్న.

"అడుగన్నా," అంది వినోద. "నిరుడు అడగకనే గదా గిట్లయింది."

"నువ్వు పడితే," అన్నాడు భిక్షం. "నువ్వు పడి, నీ పాణం పోతే, ఎవ్వలకియ్యాలె చెల్లె?"

"ఆయనకు రాయి. ఆయనకు నేను దప్ప ఎవ్వలున్నరు?"

రాశాడు. వినోద సంతకం పెట్టింది. బాలేష్ దిగకుండా బండి మీదే ఉన్నాడు కాబట్టి కాగితం అక్కడికే తీసుకెళ్ళి చూపించాడు, బావ చదవకుండానే సరేనన్నాడు. పాలు పోయాల్సిన వేళ అయిందని వాళ్ళు కూర్చోలేదు. వినోద కిక్కు కొట్టింది. మొదటిసారి అందుకోలేదు, రెండోసారి అందుకుంది.

బండి కనిపించకుండా పోయేదాకా భిక్షం రోడ్డు మీదే నిలబడ్డాడు. తర్వాత వచ్చి, ఫారం ఇంకోసారి మొదటి నుంచి చివరి దాకా చూసుకున్నాడు.

"ఇగ కాయిదం సక్కగున్నదక్కా," అన్నాడు. "యజమాని, డ్రైవరు, ఒక్కలే."

అని బల్ల మీద తల పెట్టుకున్నాడు. బల్లకు అవతల ఒకతను ఇన్సూరెన్సు కోసం వచ్చి నిలబడ్డాడు. కాసేపు ఆగమని నేనే చెప్పాను.